గోల్ఫ్ బూట్లకు మెటల్ స్పైకులు మళ్లీ రావాలా?

వాన వెలిసిన ఉదయం ఏటవాలు టీ మీద, అంటే తొలి దెబ్బ కొట్టే చోట, ఎవరి కాలైనా జారిందంటే, ఆ రోజు క్లబ్‌హౌస్‌లో చర్చ ఎటు మళ్లుతుందో గోల్ఫ్ ఆడేవారికి చెప్పనక్కర్లేదు. అడుగున ఉక్కు మొనల బదులు ప్లాస్టిక్ క్లీట్లు వచ్చాక బూట్లకు పట్టు పోయిందని, పాత మెటల్ స్పైకులే ఉంటే కాలు కదిలేది కాదని, వాటి మీద క్లబ్బులు పెట్టిన నిషేధాన్ని ఎత్తివేయాలని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఈ మాటను పాతకాలపు మోజుగా తీసిపారేయడం న్యాయం కాదు. టైగర్ వుడ్స్ వంటి ఆటగాడు మిగతా ప్రపంచమంతా ప్లాస్టిక్‌కు మారిపోయాక కూడా చాలా ఏళ్లు మెటల్ స్పైకులతోనే ఆడాడు. అమెరికాలో వృత్తి ఆటగాళ్ల పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో వాటిని వదలని ఆటగాళ్లు కొందరు ఉంటూనే వచ్చారు. అంతటివారు కోరుకున్నది సామాన్య ఆటగాడికి ఎందుకు కూడదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. అయితే ఆటగాడి పాదానికి నిజంగా ఎంత పట్టు కావాలి, ఆ పట్టుకు గడ్డి ఎంత మూల్యం చెల్లించాలి, ఒకరి అడుగు గుర్తు మరొకరి పుట్‌ను, అంటే బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బను, తప్పించవచ్చా అన్న వేర్వేరు విషయాలు ఆ ఒక్క ప్రశ్నలో కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా అవుననడం గాని కాదనడం గాని కుదరదు.

బూటు అడుగున మేకులు దిగగొట్టుకునే అలవాటు స్కాట్లండ్‌లో పుట్టింది. సముద్రతీరపు ఇసుకనేలల మీద, జారుడు గడ్డి మీద ఆడేవారు చిన్న మేకులు కొట్టిన బూట్లు వేసుకోవడం మంచిదని 1857లో అక్కడ వెలువడిన ఒక గోల్ఫ్ కరదీపిక సలహా ఇచ్చింది. ఆ మేకులు ఊడిపోయేవి, కొన్నిసార్లు లోపలికి పొడుచుకొచ్చి పాదాన్ని గాయపరిచేవి. 1890ల ఆరంభంలో మరతో బిగించే స్పైకులు రావడంతో ఆ బాధ తీరి, తర్వాతి వందేళ్లపాటు గోల్ఫ్ బూటు అంటే అడుగున పదకొండో పన్నెండో ఉక్కు మొనలు ఉన్న తోలుబూటు అన్న రూపం స్థిరపడిపోయింది. బెన్ హోగన్ తన కుడి బూటుకు అదనంగా ఒక స్పైకు పెట్టించుకున్న సంగతి గోల్ఫ్ చరిత్ర చదివినవారికి తెలిసిందే. అదే తరానికి చెందిన సామ్ స్నీడ్ అమెరికాలోని అగస్టా గోల్ఫ్ కోర్సులో ప్రాక్టీసు రౌండును చెప్పుల్లేకుండా ఆడిన సంగతి కూడా అంతే ప్రసిద్ధం. ఒకే కాలపు ఇద్దరు మహా ఆటగాళ్లలో ఒకరు ఉన్న స్పైకులు చాలవనుకోగా, మరొకరు బూట్లే లేకుండా బంతిని చక్కగా కొట్టగలిగారంటే, పట్టు గురించి మనం అనుకునేదంతా అంత సూటిగా లేదని అప్పుడే అనుమానించి ఉండవలసింది.

మార్పు మాత్రం ఆటగాళ్ల నుంచి కాక గడ్డి పెంచేవారి అవసరం నుంచి వచ్చింది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, బోయిసీ ప్రాంతంలో చలికాలపు గోల్ఫ్ ఆడేవారికి ఒక చిక్కు ఉండేది. చలికి గడ్డి పెరుగుదల ఆగిపోతుంది కనుక డిసెంబరులో పడిన గాయం వసంతం దాకా మానదు. గ్రీన్లను, అంటే గుంట చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కత్తిరించిన చోట్లను, కాపాడుకుంటూనే శీతకాలంలో ఆడనివ్వడానికి 1990ల తొలినాళ్లలో అక్కడ తయారైన ప్లాస్టిక్ క్లీటే సాఫ్ట్‌స్పైక్స్ అన్న పేరుతో వ్యాపించింది. చలికాలపు ఏర్పాటుగా మొదలైన ఆ వస్తువును వేసవిలో కూడా ఉంచేస్తే ఏమవుతుందో చూసిన క్లబ్బులు మళ్లీ వెనక్కి పోలేదు. ఆ దశాబ్దం ముగిసేసరికి అమెరికాలోని అత్యధిక క్లబ్బులు మెటల్ స్పైకులను నిషేధించాయి. వంద సంవత్సరాల అలవాటు పదేళ్లలోపే మాయమైపోవడానికి కారణం గ్రీన్ మీద కంటికి కనిపించిన తేడాయే.

ఆ తేడా ఎలాంటిదో తెలియాలంటే గ్రీన్ దగ్గరకు వంగి చూడాలి. పుటింగ్ గ్రీన్ మీద గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువకు కత్తిరిస్తారు. గడ్డి మళ్లీ చిగురించే మొదలు నేలమట్టానికి ఆనుకునే ఉంటుంది. పాత మెటల్ స్పైకు పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లు. అంటే అది ఆకుల మధ్య నిలవక మొదలును దాటి మట్టిలోకి దిగుతుంది. నిటారుగా దిగి నిటారుగా పైకి వస్తే సన్నని రంధ్రం ఒకటి మిగులుతుంది, దానితో పెద్ద ఇబ్బంది లేదు. కాని మనిషి అలా నడవడు. పుట్ వేసి, బంతి ఎటు పోతుందోనని ఒంటిని కాస్త తిప్పి, గుంటలోంచి బంతి తీయడానికి ఒక కాలి మీద బరువు మోపి వంగినప్పుడు ఆ పాదం మట్టిలో దిగిన మొనలతో సహా కొద్దిగా తిరుగుతుంది. ఆ తిప్పుడుకు గడ్డి కుదురు చిన్న ముద్దగా పైకి లేస్తుంది. గోల్ఫర్లు స్పైక్ మార్క్ అని విసుక్కునేది ఆ ముద్దనే. గుంట ఎంత దగ్గరైతే బంతి వేగం అంత తగ్గుతుంది, వేగం తగ్గేకొద్దీ చిన్న ఎత్తుపల్లానికే దారి తప్పుతుంది. ఆ ముద్దలు కూడా సరిగ్గా అక్కడే ఎక్కువగా ఉంటాయి. గుంట అంచుకు మరీ దగ్గరగా ఎవరూ అడుగు వేయరు కనుక, దాని చుట్టూ కాస్త ఎడంగా ఉన్న వలయంలోనే అందరి అడుగులూ పడతాయి.

సంఖ్యల్లో చెప్పుకుంటే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఒక ఆటగాడు ఒక గ్రీన్ మీద 25 అడుగులు వేస్తాడనుకుందాం, ఒక్కో బూటుకు 11 స్పైకులు అనుకుందాం. అతడొక్కడే ఆ గ్రీన్ మీద 275 పోట్లు పొడిచి వెళ్తాడు. రోజుకు 150 మంది ఆడే కోర్సులో ఒక్క గ్రీన్ మీద అవి 41,000 దాటతాయి. మర్నాడు ఉదయం గడ్డి కోసేలోగా అవి మానిపోవాలని ఆశించడం అత్యాశే. ఈ రంధ్రాల వల్ల నేలకు గాలి ఆడుతుందని, స్పైకులు గడ్డికి మేలే చేస్తాయని పూర్వం ఒక సమర్థన వినిపించేది. నేల గుల్లబారడానికి గ్రీన్‌కీపర్లు యంత్రాలతో చేసే రంధ్రాలు పది సెంటీమీటర్ల వరకు లోతుగా ఉండి, మట్టిని పెళ్లగించి బయటికి తీస్తాయి. బూటు మొన అందులో పదో వంతు లోతుకు కూడా పోదు, పైగా మట్టిని తీయకపోగా పక్కలకు అణచివేస్తుంది. ఆ వాదన ఇప్పుడు ఎవరైనా చేస్తే నవ్వి ఊరుకోవచ్చు.

గ్రీన్ల సంగతి ఒక్కటే కాదు, క్లబ్బు ఖర్చుల లెక్కలు కూడా ఈ మార్పును తొందరపెట్టాయి. తివాచీలు, చెక్క మెట్లు, వంతెనల పలకలు, బండ్లు నడిచే తారుబాటలు ఉక్కు మొనల కింద నలిగిపోయేవి. పట్టు కోసం పెట్టుకున్న ఆ స్పైకులే కాంక్రీటు మీద, టైల్స్ మీద మనిషిని జారవిడిచేవన్నది కూడా మరవరాదు. గట్టి నేల మీద లోహపు మొనలు తప్ప బూటు అడుగు ఆనదు గనక పట్టు దాదాపు ఉండదు. టీ మీద జారడం గురించి మాట్లాడేవారు పార్కింగు నుంచి మొదటి టీ దాకా ఉన్న దారిని లెక్కలోకి తీసుకోరు. మెటల్ స్పైకులు పిడుగును ఆకర్షిస్తాయన్న భయం మాత్రం ఆధారం లేనిది. ఉరుము వినబడగానే ఆట ఆపి సురక్షితమైన భవనంలోకి పోవాలే తప్ప, బూట్లు మార్చుకున్నందువల్ల ఒరిగేదేమీ లేదు.

నిషేధాన్ని సమర్థించేవారి చేతిలో చాలాకాలం ఉన్న బలమైన ఆయుధం న్యాయానికి సంబంధించినది. 2018 చివరి దాకా ఉన్న నియమాల ప్రకారం ఆటగాడు తన పుట్ దారిలో బంతి పడి ఏర్పడిన సొట్టను, పాత గుంట పూడ్చిన చోటును సరిచేయవచ్చు గాని, స్పైక్ మార్కును ముట్టుకోరాదు. ఆ గ్రీన్ మీద తన ఆట ముగిశాక వెనుక వచ్చేవారి కోసం చదును చేయవచ్చు, తన కోసం మాత్రం చేసుకోకూడదు. దానివల్ల పొద్దున్నే ఆడినవారికి నున్నని గ్రీన్లు, మధ్యాహ్నం ఆడేవారికి ముద్దలు తేలిన గ్రీన్లు దక్కేవి. 2019 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాలు దీనిని తిరగరాసి, బూట్ల వల్ల జరిగిన నష్టంతో సహా గ్రీన్ మీది దాదాపు అన్ని గాయాలనూ పుట్ వేయడానికి ముందే సరిచేసుకోనిచ్చాయి. మెటల్ స్పైకులు మళ్లీ రావచ్చనేవారు పట్టుకునేది దీనినే: సరిచేసుకునే హక్కు వచ్చాక అన్యాయం ఎక్కడిది అంటారు.

నా దృష్టిలో ఈ వాదనకు సగం బలమే ఉంది. ముద్దను అదిమితే పుట్ దారి చదునవుతుంది. కాని వేరు తెగిన కుదురు అదమడంతో బతకదు. పైకి చదునుగా కనబడే ఆ చోట నాలుగు రోజుల తర్వాత గోధుమరంగు మచ్చ తేలడం గ్రీన్‌కీపర్లకు తెలిసిన విషయమే. పైగా సరిచేసే హక్కు ఉన్నంత మాత్రాన సమయం ఉండదు. ఆటను అకారణంగా ఆలస్యం చేయరాదన్న నియమం అలాగే ఉంది కనుక, ఆరు మీటర్ల పుట్ దారి పొడవునా ప్రతి ముద్దనూ నొక్కుతూ కూర్చోవడం కుదిరే పని కాదు. కొత్త నియమం గ్రీన్ల మీద అడుగు గుర్తుల బాధను ఓర్చుకోదగినదిగా చేసింది, ఆ గుర్తులు తక్కువగా ఉండే ప్లాస్టిక్ యుగంలో. ఆ గుర్తులు ఒక్కసారిగా పెరిగితే అదే నియమం ఆటను నత్తనడక పట్టించే ప్రమాదం ఉంది.

నియమావళిలో తరచు కంట పడని మరో వివరం ఉంది. పోటీలు నిర్వహించే కమిటీలు కావాలనుకుంటే వాడుకోవడానికి ఇచ్చిన నమూనా స్థానిక నియమాల్లో జీ-7 అన్నది బూట్ల గురించినదే. కోర్సుకు గణనీయంగా నష్టం చేసే బూట్లను నిషేధించడానికి అది వీలు కల్పిస్తుంది. నేలలోకి లోతుగా దిగేలా రూపొందించిన మొన ఉన్న స్పైకును అది సంప్రదాయ స్పైకుగా నిర్వచించి, ఆ మొన లోహమైనా, పింగాణీ అయినా, ప్లాస్టిక్ అయినా ఒకటేనని స్పష్టంగా అంటుంది. కోర్సుకు తగిలేలా లోహం ఉన్న స్పైకులను, వాటి ఆకారం ఏదైనా సరే, వేరే మాటగా చేర్చింది. అంటే ఈ నియమం రాసినవారి మనసులో ఉన్న మొదటి ప్రశ్న వస్తువు దేనితో తయారైంది అన్నది కాదు, నేలలోకి ఎంత దిగుతుంది అన్నది. మెటలా, ప్లాస్టిక్కా అని మనం జరుపుతున్న చర్చ చాలావరకు దారి తప్పిన చర్చ అనడానికి ఇదే ఆధారం. ఈ నియమం తప్పనిసరి కాదు. దానిని అమలు చేయాలో వద్దో ఆయా కమిటీలు నిర్ణయించుకుంటాయి. వృత్తి ఆటగాళ్ల టూర్‌లో మెటల్ కనిపించడం, సామాన్య క్లబ్బులో కనిపించకపోవడం ఈ వెసులుబాటు ఫలితమే.

ఇక పట్టు సంగతి. స్వింగ్‌లో, అంటే కర్ర తిప్పి బంతిని కొట్టేటప్పుడు, ఆటగాడు రెండు పాదాలతో నేలను వ్యతిరేక దిశల్లో తోస్తాడు, ఆ తోపు నుంచే మొండెం తిరిగే శక్తి పుడుతుంది. బంతి తగిలే క్షణానికి కాస్త ముందు, కుడిచేతివాటం ఆటగాడి ఎడమ పాదం నేల మీద మోపే బరువు అతడి ఒంటి బరువును మించుతుంది. కర్ర ఎంత వేగంగా కదిలితే ఈ మెలి అంత పెరుగుతుంది. తక్కువ హ్యాండికాప్ ఉన్నవారు, అంటే మెరుగైన ఆటగాళ్లు, బంతిని బాగా దూరం పంపే డ్రైవర్ అన్న కర్రతో కొట్టేటప్పుడు బూటుకు, గడ్డికి మధ్య ఎక్కువ మెలిబలాన్ని పుట్టిస్తారని 2008లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఇక్కడే టూర్ ఆటగాడికి, మనకు తేడా తెలుస్తుంది. అంత వేగంతో, అంత మెలితో కొట్టేవాడికి తడినేల మీద ప్లాస్టిక్ చాలకపోవచ్చు. వారాంతాల్లో ఆడే మనిషి పుట్టించే బలానికి కొత్త ప్లాస్టిక్ క్లీట్లు సాధారణంగా సరిపోతాయి. పైగా టూర్ ఆటగాడి పోటీలో ఒక్క జారుడు విలువ లక్షల డాలర్లు, చుట్టూ గ్రీన్ల సంరక్షణకు పెద్ద సిబ్బంది ఉంటుంది, ఆ కోర్సు మీద ఆడేది వారానికి కొన్ని రౌండ్లే. ఏడాది పొడవునా వందలమంది తొక్కే కోర్సుకు ఆ కొలత వర్తించదు.

అసలు పట్టు ఎక్కువైతే ఆట మెరుగవుతుందన్న సూత్రమే అనుమానాస్పదం. గ్రెగ్ నార్మన్ డ్రైవర్ కొట్టేటప్పుడు కుడి పాదం జారేది. స్కాటీ షెఫ్లర్ కుడి పాదం ఇంకా ఎక్కువగా, వెనక్కి జారుతుంది. 2022, 2024 మాస్టర్స్‌ను, 2025లో పీజీఏ చాంపియన్‌షిప్‌ను, ద ఓపెన్‌ను, అంటే గోల్ఫ్‌లోని అతిపెద్ద పోటీలను, గెలిచినవాడు ప్రతి పెద్ద దెబ్బకూ వెనుక పాదాన్ని జారనిస్తున్నాడంటే, రెండు పాదాలనూ నేలకు మేకు కొట్టినట్టు బిగించుకోవడమే ఆదర్శమన్న మాట నిలవదు. ముందు పాదం నిలబడాలి, వెనుక పాదానికి కొంత స్వేచ్ఛ ఉండవచ్చు. ముందు పాదం విషయంలో కూడా ఒక హెచ్చరిక అవసరం: పాదం కదలకుండా బిగుసుకుపోతే ఆ మెలిని మోసేది మోకాలు, తుంటి. వయసు మళ్లినవారికి, మోకాలి నొప్పి ఉన్నవారికి బూటు కాస్త తిరగనివ్వడం లోపం కాదు, రక్షణ. పట్టు కోసం మెటల్‌ను ఎక్కువగా కోరేది ఆ వయసువారే కావడం విచిత్రం.

ఇంతకీ జనం జారుతున్నది దేనివల్ల? చాలా సందర్భాల్లో ప్లాస్టిక్ అయినందువల్ల కాదు, అరిగిపోయిన ప్లాస్టిక్ వల్ల. ప్లాస్టిక్ క్లీటు మట్టిలోకి దిగి పట్టుకోదు. దాని చుట్టూ ఉన్న చిన్న కాళ్లు గడ్డి పోచల మధ్యకు పోయి చిక్కుకుంటాయి. ఆ కాళ్లు అరిగి గుండ్రబడ్డాక, లేదా వాటి మధ్య బురద గట్టిపడి నిండిపోయాక, అది నున్నని బిళ్లతో సమానం. బూటు తిరగేసి చూస్తే మడమ దగ్గర, బొటనవేలి కింద ఉన్నవి ముందుగా అరిగి, మధ్యవి కొత్తవాటిలా మిగిలి ఉండడం కనిపిస్తుంది. పదిహేను, ఇరవై రౌండ్లకోసారి మార్చవలసినవాటిని మూడేళ్లు వాడి, నేరం వస్తువు మీద మోపడం మామూలైపోయింది. మార్చడానికి పట్టేది ఒక చిన్న తాళంచెవి వంటి పరికరం, పావుగంట సమయం. ఆట మధ్యలో బురదను, బంతిని నిలబెట్టే టీ అన్న చిన్న పుల్లతో గీకి తీసేయడానికి అది కూడా అక్కర్లేదు.

స్పైకులే లేని బూట్లు ఈ చర్చను ఇంకో మలుపు తిప్పాయి. 2010 మాస్టర్స్ తొలిరోజున 50 ఏళ్ల ఫ్రెడ్ కపుల్స్ సాక్సు లేకుండా, వీధిలో వేసుకునే తరహా స్పైకుల్లేని బూట్లతో 66 దెబ్బల్లో రౌండు ముగించి ఆధిక్యంలో నిలిచాక, ఆ రకం బూట్లకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఎండిన నేల మీద అవి చక్కగా పనిచేస్తాయి. కాని స్పైకులు లేవన్న పేరుతో అడుగంతా పదునైన రబ్బరు బొడిపెలు నింపిన బూట్లు కొన్ని వస్తున్నాయి. మడమ తిప్పితే అవి కూడా గ్రీన్‌ను గీకుతాయి. ఇలాంటి బూటును నిర్భయంగా రానిస్తూ, లోహం అన్న మాట వినగానే తలుపు మూసే క్లబ్బు తన నిషేధాన్ని సరిగా అర్థం చేసుకున్నట్టు కాదు.

మన దగ్గర ఈ ప్రశ్న జూన్ నుంచి సెప్టెంబరు దాకా గట్టిగా ఎదురవుతుంది. గోల్కొండ నయాఖిల్లాలోని కోర్సులోనైనా, గచ్చిబౌలి బండరాళ్ల మధ్య ఉన్న బౌల్డర్ హిల్స్‌లోనైనా, వానాకాలంలో వాలుల మీద నిలబడేవారికి మెటల్ గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. కాని పట్టు అత్యవసరమైన ఆ నెలల్లోనే నేల మెత్తబడి, గ్రీన్లు స్పైకు పోటుకు తేలికగా లొంగిపోతాయి. గడ్డి లేని, నూనె కలిపిన ఇసుకతో చేసిన బ్రౌన్లు ఉన్న చిన్న కోర్సుల్లో ఈ గొడవ లేదు. అక్కడ ఆట ముగిశాక ఇసుకను ఒకసారి లాగి చదును చేస్తే పాత గుర్తులన్నీ పోతాయి, కనుక మెటల్ వేసుకుంటానంటే అడ్డుకోవడానికి నాకు కారణం కనిపించదు.

గడ్డి గ్రీన్లు ఉన్న క్లబ్బులు నిషేధాన్ని ఎత్తివేయకూడదన్నదే నా అభిప్రాయం. ఎత్తివేసినా ఆచరణలో ఒక అడ్డంకి ఎదురవుతుంది. ఈ రోజు దుకాణాల్లో దొరికే బూట్లలో ఎక్కువ వాటికి పావు మలుపుతో బిగుసుకునే ప్లాస్టిక్ క్లీట్ల గూళ్లే ఉన్నాయి. పాతకాలపు మర స్పైకు వాటిలో ఎక్కదు. టూర్ ఆటగాళ్లకైతే బూట్ల కంపెనీలే ప్రత్యేకంగా అమర్చి ఇస్తాయి. నిషేధం పోయిన మర్నాడు మెటల్ కావాలన్న క్లబ్బు సభ్యుడు ముందు మర స్పైకు ఎక్కే గూడు ఉన్న బూట్లు వెతుక్కోవాలి. అవి దొరికేలోగా వాన వస్తే, ఉన్న బూట్లకు కొత్త క్లీట్లు బిగించుకోవడం తప్ప అతడికి వేరే దారి ఉండదు.